రత్నాలమ్మ ఆగిన చోటు

కుముద రెండు తెలుపుల్ని ఎవరికీ తెలియకుండా కలిపేసింది. అంత బాగా కలపడమే తప్పయింది.

ఆమెది చీరాలలో నేతవాళ్ళ ఇల్లు. మగ్గం చిన్నప్పటినుంచీ తెలుసు, రంగులూ తెలుసు. తెలుపు మాత్రం తెలియదు. అది నేర్చుకోవడానికే పొందూరు వచ్చి నీలాచలం మాస్టారి దగ్గర చేరింది. ఆయన అద్దకం జోలికి పోరు. పత్తి ఏ రంగున పండితే ఆ రంగునే నేస్తారు. తెలుపు మీద తెలుపు అంచు, తెలుపు పక్కన తెలుపు చార. దూరం నుంచి చూస్తే ఏమీ ఉండదు. దగ్గరికొచ్చి వెలుతురుకి తిప్పితే బట్టంతా పనితనమే.

మొదటి ఏడాది ఆమెను మగ్గం దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నే అరుగు మీద చాప పరిచి చిలపలన్నీ, అంటే నూలు చుట్టలన్నీ, కుప్పగా పోసేవారు.

"విడదియ్యి" అనేవారు. అంతే.

అన్నీ ఒకటే తెలుపు కదా అని విసుక్కునేది. చూడగా చూడగా ఒక చిలప గంజిలా, ఒకటి మీగడలా, ఒకటి నిన్నటి మల్లెపువ్వులా కనిపించడం మొదలైంది. ఎర్రపత్తి నూలైతే పాలల్లో టీ చుక్క పడ్డట్టుండేది. తప్పు కుప్పలో వేస్తే ఆయన తిట్టేవారు కాదు. అన్నిటినీ మళ్ళీ కలిపేసి లేచి వెళ్ళిపోయేవారు.

ఆ నూలులో ఎక్కువ భాగం ఆయన భార్య రత్నాలమ్మ వడికిందే. ఎండిన వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ ఆవిడ ఊరికే ఉండేది కాదు.

"పెళ్ళిచూపులయ్యి ఇంటికెళ్ళాక పిల్ల ఎలగుందిరా అనడిగితే మీ మాస్టారు ఏటన్నారో తెలుసా? చీర కొండపత్తి అన్నారట. మొహం సూళ్ళేదట!"

లోపల మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగేది. "చూశాను" అనేవారు మాస్టారు. మళ్ళీ చప్పుడు మొదలయ్యేది.

ఏటా రత్నాలమ్మ వడికిన నూలుతో ఆయన తనకో దుప్పటి నేసుకునేవారు. ఆ ఏడు పడుగుకి, నిలువు పోగులకి, కావలసిన నూలంతా ఆవిడ వడికేసింది. అడ్డంగా నేసే పేక నూలు వడుకుతూ జబ్బుపడింది. కార్తీకంలో పోయింది. ఆవిడ రాట్నం కదురు మీద కొంచెం నూలు అలాగే ఉండిపోయింది.

మాస్టారి చేతులు అప్పటికే వణుకుతున్నాయి, మగ్గం మీద కుముదే కూర్చుంటోంది. సంవత్సరీకం దగ్గర పడుతుండగా ఆయన ఆ నూలంతా తెచ్చి కుముద ముందు పెట్టారు. కదురు మీది నూలు కూడా విప్పి అందులో కలిపారు.

"ఆ రోజుకి కప్పుకోవాలమ్మా. పేక సరిపోకపోతే నాకొచ్చి చెప్పు."

"సరే మాస్టారూ."

సరిపోలేదు. దుప్పటి ముప్పాతిక అయ్యేసరికే పేక నూలు తరిగిపోవడం కనిపించింది. వెళ్ళి చెప్పాలి. ఆ మాట వింటున్నప్పుడు ఆయన మొహం చూడలేనని వెళ్ళలేదు. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, తన కన్ను ఎంతదాకా వచ్చిందో చూసుకోవాలనిపించింది.

పక్క వీధిలో నూలు వడికే పారమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అదే కొండపత్తి, అదే చేప దవడ. రత్నాలప్ప నూలుకీ నా నూలుకీ తేడా ఏటుందే గుంటా?" అంది పారమ్మ.

"అమ్మగారిది గంజి తెలుపు. మీది కాస్త మీగడ తిరిగింది పిన్నీ."

"ఓలమ్మ! అచ్చం మీ మాస్టారిలాగే తయారైనావే. నీకూ రేపు పెళ్ళికొడుకు మొహం గుర్తుండదు."

ఆ నూలుని ఎండకీ మంచుకీ ఆరేసి మీగడ రంగు విరిగేదాకా తెల్లబరిచింది కుముద. రెండు చిలపలూ పక్కపక్కన పెట్టి పొద్దుటి వెలుతురులో చూసింది, మధ్యాహ్నం చూసింది, దీపం దగ్గర చూసింది. ఒక్కటే తెలుపు. ఒకేసారి మారిస్తే గీత పడుతుందని రత్నాలమ్మ నూలు అయిపోకముందే కలపడం మొదలెట్టింది. మొదట అక్కడో పోగు, ఇక్కడో పోగు. తరవాత ఒకటి విడిచి ఒకటి. ఆ తరవాత ఎప్పుడో ఆవిడ నూలు అయిపోయింది. మగ్గం మీద ఉన్న కుముదకే ఆ సంగతి తెలియలేదు.

దుప్పటిని మగ్గం మీంచి కోసి, మడత పెట్టి తీసుకెళ్ళింది.

మాస్టారు అరుగు అంచుకి జరిగి దాన్ని ఒళ్ళో విప్పుకున్నారు. వెలుతురుకి పట్టుకుని ఒక కొస నుంచి చూసుకుంటూ వెళ్ళారు. రెండో కొస దాకా వెళ్ళారు. మళ్ళీ మొదటికొచ్చారు.

"ఎక్కడ ఆగింది?" అన్నారు.

"ఏంటి మాస్టారూ?"

"రత్నం నూలు. ఎక్కడ అయిపోయింది?"

"మీకే కనిపించలేదా!" అంది కుముద. ఆ గొంతులో సంతోషం ఆమెకే వినిపించింది. వెంటనే ఆయన మొహం కనిపించింది.

"సరిపోదని నాకు తెలుసమ్మా. చేత్తో ఎత్తి చూసే ఇచ్చాను. నువ్వొస్తావని చూస్తున్నాను."

"పడుగంతా అమ్మగారిదే మాస్టారూ..."

ఆయన దుప్పటి ఆమె వైపు జరిపారు. "నువ్వు చూపించు."

కుముద వంగి చూసింది. మొదట తేలిగ్గా, తరవాత కంగారుగా. వేళ్ళతో తడిమింది. ఎత్తి ఎండకి పట్టింది. ఎక్కడా లేదు. ఏడాదంతా అరుగు మీద చాప పరుచుకుని నేర్చుకున్న కన్ను ఎందుకూ పనికిరాలేదు.

మాస్టారు లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చారు. దుప్పటి మీద పొడుగునా చల్లారు. బట్ట తడిసింది. ఎండకి విరిగిన మీగడ తడికి మెల్లగా పైకొచ్చింది. ఒక పక్క గంజి, ఒక పక్క మీగడ. ఇద్దరాడవాళ్ళ నూలు. కానీ మధ్యలో గీత లేదు. జానెడు మేర ఒకటి ఇంకొకదానిలోకి పొగలా కరిగిపోయింది, అంతే.

ఆ జానెడు మీద ఆయన అరచెయ్యి ఆనించారు.

"ఇక్కడెక్కడో" అన్నారు.

చెయ్యి తియ్యలేదు. ఎండ పడుతున్నకొద్దీ చుట్టూ ఉన్న బట్ట ఆరింది. ఆరుతున్నకొద్దీ తేడా పోయింది. కాసేపటికి మళ్ళీ అంతా ఒక్కటే తెలుపు.

"విప్పేసి మళ్ళీ నేస్తాను మాస్టారూ."

"విప్పితే తన పోగులు తెగుతాయి. ఉండనీ."

దుప్పటి మడత పెట్టి పెట్టె దగ్గరికి వెళ్ళారు. మూత ఎత్తితే లోపల ఒక చిలప కనిపించింది. ఎర్రపత్తి నూలు. ఒకచోట లావు, ఒకచోట సన్నం, మధ్యమధ్య ముడులు. అలవాటు లేని చెయ్యి వడికిన నూలని చూడగానే తెలుస్తోంది.

"ఇదెవరు వడికారు?"

"నేనే. నువ్వొచ్చి అడిగితే ఇద్దామని" అన్నారు మాస్టారు. దుప్పటిని దాని మీద పెట్టి మూత వేసేశారు.



సంవత్సరీకం నాడు ఆయన ఆ దుప్పటే కప్పుకున్నారు. వచ్చినవాళ్ళంతా పట్టి చూసి, కొస నుంచి కొస దాకా ఎంత ఒద్దికగా వచ్చిందో అని మెచ్చుకున్నారు. కుముద వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు ఆ మగ్గం కుముదది. మాస్టారు లేరు. ఒకరి నూలు అయిపోయిన చోట ఆమె ఇంకో తెలుపు అందుకుంటుంది. గంజి పక్కన మీగడ. మీగడ పక్కన ఎర్రపత్తి. తేడా తెలిసేలాగే నేస్తుంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఆ చోట వేలు పెట్టి అడుగుతుంటారు.

"ఇక్కడ షేడ్ మారిందేంటండీ? కలిసే నూలు దొరకలేదా?"

"దొరికిందండీ" అంటుంది కుముద.

కలపదు.