ఓబులమ్మ పిడికెడు

మీ ముత్తాతల ముత్తాతలు ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, కొండవారన ఒక నగరం ఉండేదట. ఆ నగరానికి తొమ్మిది వీధులు. తొమ్మిది వీధుల నిండా గుంతలే. బండి పోతే ఇరుసు విరిగేది, ఎద్దు పోతే కాలు విరిగేది, మనిషి పోతే నడుం విరిగేది.

కోట వాకిలి పక్కన, మొదటి వీధిలో ఓబులమ్మ ఉండేది. రాళ్లు కొట్టి బతికే మనిషి. మొగుడు పోయాడు. ఒక్కతే కూతురు, చెంగమ్మ. ఏటి ఒడ్డున ఉన్న తొమ్మిదో వీధిలో ఇచ్చి పెళ్లి చేసింది. ఊళ్లోనే కదా, బిడ్డ పొద్దున వచ్చి సాయంత్రానికి పోతుందిలే అనుకుంది.

పెళ్లయిన ఏడాదికి చెంగమ్మ పుట్టింటికి వస్తుంటే నాలుగో వీధిలో బండి బోల్తా కొట్టింది. నడుం విరిగింది. ఎలాగో అత్తగారింటికి చేర్చి మంచంలో పడుకోబెట్టారు. ఆ మంచం మళ్లీ దిగలేదు. బండెక్కిస్తే కుదుపు కుదుపుకీ ప్రాణం పోయేది. మంచంతో సహా మోద్దామని నలుగురు చూశారు గానీ, గుంతల్లో వాళ్ల కాళ్లే నిలవలేదు. సగం దారిలోంచి వెనక్కి తిప్పారు.

ఓబులమ్మ వారానికోసారి నడిచి వెళ్లేది. పోయినప్పుడల్లా చెంగమ్మ ఒకటే అడిగేది.

"అమ్మా, ఒక్కసారి మన అరుగు మీద కూర్చోవాలని ఉందే."

"వస్తావులే తల్లీ. దారి బాగుపడనీ."

ఓబులమ్మ రాజు దగ్గరికి వెళ్లింది. "దొరా, వీధులు బాగు చేయించు" అంది. రాజు మంచివాడు. ఒక సంచి డబ్బు ఇచ్చాడు. గుంతలన్నీ మట్టితో పూడ్చారు. మొదటి వానకే మట్టి ఏట్లో కలిసింది.

రెండోసారి వెళ్లింది. రాజు రెండు సంచులు ఇచ్చాడు. గులకరాళ్లు పోయించారు. మూడు వానలు ఆగాయి, నాలుగో వానకు లేచిపోయాయి.

మూడోసారి వెళ్లింది. రాజు విసుక్కున్నాడు.

"ఎన్నిసార్లు ఇవ్వాలి ఓబులమ్మా?"

"సంచులు వద్దు దొరా. వీధి కూడా పసిబిడ్డ లాంటిదే. ఒకరోజు విందు పెట్టి వదిలేస్తే బతుకుతుందా? రోజూ ఇంత బువ్వ కావాలి. రాయి కదిలిన రోజే సర్దే మనిషి కావాలి. ఆ మనిషికి ఏడాది పొడుగునా తిండి కావాలి."

"ఏడాది పొడుగునా ఎవరు పెడతారు?" అని రాజు లేచి వెళ్లిపోయాడు.

ఓబులమ్మ ఇంటికొచ్చింది. ఎసట్లో పోయబోయే జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసింది. కోట వాకిలి దగ్గర కుండ పెట్టి అందులో వేసింది. మర్నాడూ వేసింది. ఆ మర్నాడూ వేసింది. బండ్లవాళ్లు నవ్వారు. ఆమె మాత్రం వేస్తూనే ఉంది. తన వీధివాళ్ల గడప గడపకూ వెళ్లి అడిగింది.

"రోజుకొక పిడికెడమ్మా. అంతకంటే వద్దు. మానకుండా వేయండి, చాలు."

కొందరు తలుపేసుకున్నారు. కొందరు వేశారు. ఆ గింజలతో ఇద్దరు ఒడ్డెవాళ్లకు ఏడాదంతా కూడు దొరికింది. ఓబులమ్మ కూడా వాళ్లతో కలిసి రాళ్లు పరిచింది. రాయి కదిలితే ఆ పూటే సర్దేవాళ్లు. రెండు వర్షాకాలాలు పోయాయి. ఊరంతా బురదయినా మొదటి వీధి చెక్కుచెదరలేదు.

అది చూసి రాజుకు సిగ్గేసింది. కోటలోకి వచ్చే ప్రతి బండీ ఒక పిడికెడు వేయాలన్నాడు. ఏటి పక్కన తన మాగాణిలో పండినదంతా వీధులకే అన్నాడు. తన కొడుకైనా, మనవడైనా ఆ గింజలు ముట్టకూడదని వాకిట్లో రాతి మీద చెక్కించాడు.

"ఇప్పుడు ఏ వీధి మొదలుపెడదాం ఓబులమ్మా? మీ అమ్మాయి ఉన్న వీధేనా?" అని అడిగాడు.

అవునన్న మాట ఓబులమ్మ నోటి దాకా వచ్చింది. కానీ ఊరిమీద వచ్చిన గింజలు. అందరి నోటి దగ్గరివి. నీళ్ల బావికి పోయే వీధి ఉంది, మంత్రసాని నడిచే వీధి ఉంది, సంత వీధి ఉంది.

"అందరికీ ఎక్కువ అవసరమైంది ముందు దొరా. తొమ్మిదోది తొమ్మిదోసారే."

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదట.

ఒక్కో వీధికి రెండేళ్లు, మూడేళ్లు పట్టింది. ఓబులమ్మ జుట్టు నెరిసింది. చేతులు కాయలు కాచాయి. అక్కడ మంచంలో చెంగమ్మకూ జుట్టు నెరిసింది.

"ఎన్ని వీధులు అయ్యాయే అమ్మా?"

"ఆరు వీధులు తల్లీ."

"ఇప్పుడో?"

"ఏడు వీధులు."

చెంగమ్మ కళ్లు మూసుకుని ఆ వీధులన్నీ మనసులోనే నడిచి వచ్చేది.

ఎనిమిది వీధులూ అయ్యాయి. తొమ్మిదో వీధిలో సగం రాళ్లు పరిచారు. అప్పుడు ఓబులమ్మకు జ్వరం తగిలింది. మూడు రోజులు పడుకుంది. మూడో రోజు, "ఇంకెన్ని బారలుందిరా?" అని ఒడ్డెవాళ్లను అడిగింది. "ఇరవై బారలు అవ్వా" అన్నారు. "ఆగకండి" అంది. అదే ఆఖరి మాట.

వాళ్లు ఆగలేదు. ఏడుస్తూనే పరిచారు. తొమ్మిదో రోజుకు చివరి రాయి పడింది.

పదో రోజు పొద్దున చెంగమ్మను బండిలో పడుకోబెట్టారు. జనం రెండు పక్కలా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. బండి తొమ్మిది వీధులూ దాటింది. పుట్టింటి ముందు ఆగింది. నలుగురు ఆమెను ఎత్తి అరుగు మీద గోడకు ఆనించి కూర్చోబెట్టారు. ఇల్లు ఖాళీగా ఉంది. చెంగమ్మ తెరిచి ఉన్న తలుపులోకి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఒక్క కుదుపు కూడా తగల్లేదే" అంది.

ఆ రాజు పోయాడు, ఆ కోట పోయింది. ఇప్పటికీ ఆ ఊళ్లో వీధి కొత్తగా వేస్తే ముందు దాని మీద ఆ వీధి ఆడపడుచు ఒకతె పుట్టింటికి రావాలి. ఆమె దిగగానే వాకిట్లో ఉన్న పెద్దావిడ ఎదురెళ్లి, "కుదుపు తగిలిందా తల్లీ?" అని అడుగుతుంది. తగల్లేదంటేనే మిగతావాళ్ల బండ్లు కదులుతాయి. తగిలిందంటే, ఆ పూటే రాళ్లు లేపి మళ్లీ పరుస్తారు.