లూపన్న చివరినుంచి ఎందుకు నడుస్తాడు

ఒకప్పుడు, వెబ్ పేజీల వెనకాల ఉండే జావాస్క్రిప్ట్ ఊళ్లో, లూపన్న ఎవరింటికెళ్లినా మొదటినుంచి చివరికే నడిచేవాడు. వరుసగా ఒక్కొక్కరినీ పలకరించడమే అతని పని. ఇంకో దారి ఉందని అతనికి తెలీదు, పాపం.

ఒకరోజు ఊరంతా గొల్లుమంది. "పేజీ మూసేస్తున్నారు! లోపలున్నవాళ్లంతా చెరిగిపోతారు!"

నిజమే. ఊరి చివరినుంచి తెల్లటి ఖాళీ ఒకటి పాకుతూ వస్తోంది. అది తాకిన చోట గోడా లేదు, చెట్టూ లేదు.

లూపన్న ముందు ఆబ్జెక్టమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆమె పిల్లలకి ఎవరి గది వాళ్లది, తలుపుమీద ఎవరి పేరు వాళ్లది. పేరు చదవడం, బిడ్డను బయటికి తేవడం. ఒకరు వెళ్తే ఇంకొకరు కదల్లేదు. అందరూ బతికారు.

"ఓస్, ఇంతేనా!" అనుకుంటూ పక్కనే ఉన్న అర్రేమ్మ ఇంట్లో దూరాడు. అక్కడ గదుల్లేవు, ఒకటే బల్ల. చోట్లకి పేర్లు లేవు, అంకెలే. మొదటి చోటు అంకె సున్నా. అదేం లెక్క అంటారా? ఆ ఊరి లెక్క అంతే, గొడవ చెయ్యకుండా వినండి. ఆ బల్ల ఖాళీని ఓర్చుకోదు. ఒకరు లేస్తే వెనకున్నవాళ్లని చప్పున ముందుకి జరిపేస్తుంది.

సున్నాలో రేగు, ఒకటిలో నేరేడు, రెండులో ఉసిరి, మూడులో పనస. నలుగురు పిల్లలూ ఒకరినొకరు అతుక్కుని కూర్చున్నారు.

లూపన్న రేగును ఎత్తి బయట దించాడు. బల్ల జరిగింది, నేరేడు సున్నాలోకి వచ్చింది. అతను అది చూడనే లేదు. తిన్నగా ఒకటి దగ్గరికి పోయి, అక్కడికి జరిగిన ఉసిరిని ఎత్తుకెళ్లాడు. బల్ల మళ్లీ జరిగింది. రెండు దగ్గరికెళ్తే ఎవరూ లేరు. "హమ్మయ్య, అయిపోయారు" అని వచ్చేశాడు.

బయట నిలబడ్డ అర్రేమ్మ గుండెలు బాదుకుంది. "అన్నా, నా నేరేడేదీ? నా పనసేదీ?"

లూపన్న ఆ మాట వింటూనే వెనక్కి తిరిగాడు. మళ్లీ లోపలికి ఉరికాడు. తెల్లటి ఖాళీ అప్పటికే బల్ల కాళ్లు మింగేస్తోంది. సున్నాలో ఉన్న నేరేడువైపు చెయ్యి చాచాడు.

నేరేడు వెనక్కి ముడుచుకుంది. "నన్నొద్దు మామా! నన్ను తీస్తే చెల్లి నా చోటుకి జారుతుంది, నువ్వు మళ్లీ దాన్ని దాటి పోతావు. ముందు దాన్ని తీసుకెళ్లు."

"మరి నువ్వో?"

"నా ముందు ఎవరూ లేరుగా, నేనెక్కడికీ జరగను. త్వరగా రా మామా. భయమేస్తోంది."

పనసను దించి వచ్చేసరికి బల్లలో ఆ ఒక్క చోటే మిగిలింది. నేరేడు కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. చెయ్యి పట్టి లాగేశాడు. బయటికొచ్చి తిరిగి చూస్తే ఇల్లు లేదు.

తర్వాత పేజీ మళ్లీ తెరుచుకుంది, ఇళ్లూ మళ్లీ లేచాయి. అప్పటినుంచే, ఆబ్జెక్టమ్మ ఇంట్లో ఎలా నడిచినా, అర్రేమ్మ బల్లమీదనుంచి పిల్లల్ని తియ్యాలంటే మాత్రం లూపన్న చివరినుంచి మొదటికి నడుస్తాడు. ఈనాటికీ సున్నా చోటు తడిమి చూడందే బయటికి రాడు.