ఓబులమ్మ దూలగొండి పిండి

అనగనగా, మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళయినా రాని రోజుల్లో, గద్దలకోన అనే కొండసీమను చంద్రభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మంచి రాజే, కానీ జిహ్వచాపల్యం కాస్త మెండు.

ఆ కోనలో ఓబులమ్మ అనే కాపరి ఉండేది. ఆమెకు ఉన్నవల్లా పన్నెండు మేకలు, ఒక ముసలి అత్త, దేన్ని చూసినా "ఇది ఎందుకిలా ఉందబ్బా?" అనుకునే బుద్ధి.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి మాడిపోయింది. రాజుగారి ఊట పక్కన ఒక్క పచ్చికబయలు మాత్రం మిగిలింది. అప్పుడు రాజు చాటింపు వేయించాడు.

"నలభై రోజుల్లో జాతర! ఎవరి మేక కంటికి నిండుగా, త్రాసుకు బరువుగా, నాలుకకు రుచిగా ఉంటుందో, వేసవంతా పచ్చికబయలు వారిదే. తక్కినవారు మందలు తోలుకుని ఏరు దాటి పోవాలహో!"

ఓబులమ్మ తన మందకేసి చూసింది. ఏరు దాటితే వారం రోజుల నడక. తన బక్క మేకలు సగం దారైనా నడవలేవు.

దిగులుగా కంచె దగ్గర నిలబడింది. కంచె మీద దూలగొండి తీగ. లోకమంతా ఎండినా అది మాత్రం గుత్తులు గుత్తులుగా కాసి ఉంది. తాకితే ఒళ్ళంతా దురద, అందుకే ఎవరూ దాని దరికి పోరు.

"అత్తా, ఇది చిక్కుడుకు చెల్లెలిలా లేదూ?"

"చెల్లెలే. గోకించి చంపే చెల్లెలు! దాని జోలికి పోకే తల్లీ!"

ఓబులమ్మ వినలేదు. పట్టకారుతో కాయలు కోసింది. మంట మీద నూగు కాల్చింది. వలిస్తే లోపల నల్లని గింజలు, నిగనిగలాడుతూ.

మొదటిసారి పచ్చివే దంచి ఒక మేకకు పిడికెడు పెట్టింది. మేకకు పొట్ట ఉబ్బి, రెండు రోజులు పారుకుంది. పాపం, ఓబులమ్మ వాము నీళ్ళు తాగిస్తూ దాని పక్కనే కూర్చుంది.

రెండోసారి ఉడకబెట్టి పెట్టింది. మేక వాసన చూసింది, తుమ్మింది, పక్కకు తిరిగి అత్త కొంగు నమలడం మొదలుపెట్టింది.

"చూశావటే! నీ వంట కన్నా నా చీరే నయమంటోంది!" అంది అత్త.

ఓబులమ్మ మాత్రం కుండలోకి చూస్తోంది. ఉడికిన నీళ్ళు కాటుకలా ఉన్నాయి. 'నలుపు నీళ్ళలోకి దిగింది. పాడు గుణం కూడా దాంతోపాటే దిగుతుందేమో!'

మూడోసారి నల్లనీళ్ళు పారబోసి కొత్తనీళ్ళు పోసింది. మళ్ళీ ఉడికించింది, మళ్ళీ పారబోసింది. మూడో నీళ్ళు కాస్త తేటగా వచ్చాయి. అవీ పారబోసి, గింజలు ఎండబెట్టి, తిరగలిలో విసిరి, తవుడులో కలిపి పెట్టింది. మేక పిండి తిని, ఓబులమ్మ అరచెయ్యి కూడా నాకేసింది!

పదిహేను రోజులు గడిచేసరికి మేకల వెన్నులు నిండాయి, బొచ్చు మెరిసింది. నూరు మేకల ఆసామి కుప్పన్న కంచె దగ్గర ఆగిపోయాడు.

"ఏం ఓబులక్కా, మేకలకు నెయ్యి పూస్తున్నావా, తాగిస్తున్నావా?"

అత్త ఓబులమ్మను గిల్లింది. "చెప్పకే! పచ్చిక పోతుంది!"

"ఆయన మేకలకూ ఆకలే కదా అత్తా" అని ఓబులమ్మ చెప్పసాగింది. "దూలగొండి గింజలన్నా. ఉడకబెట్టి మూడు నీళ్ళు పోవాలి. కాయ కోసేటప్పుడు..."

"మూడు నీళ్ళు పోయాలి! తెలిసిందిలే!" కుప్పన్న అప్పటికే పరుగు.

"పోయాలి కాదన్నా, పోవాలి! పారబోయాలి!"

వినేవారెవరు? మర్నాడు ఓబులమ్మ అతని ఇంటికే వెళ్ళింది. కుప్పన్న తలుపు తియ్యలేదు. "పోటీకి వచ్చేది రెండోసారి వచ్చి చెప్పిందంటే, అది మోసమే" అనుకున్నాడు. వట్టి చేతులతో బండెడు కాయలు కోశాడు. గింజలు ఉడికించి, మూడు కడవల నీళ్ళు పోసి, ఆ నల్లరసంతో సహా మేకలకు బలవంతంగా పట్టించాడు.

జాతర వచ్చింది. కుప్పన్న రెండు చేతులా గోక్కుంటూ వచ్చాడు. వెనకే అతని మేక, డప్పులాంటి పొట్టతో.

"ఆహా, ఎంత నిండుగా ఉంది!" అన్నాడు రాజు.

కన్ను కుప్పన్న మేకకే ఓటేసింది. ఓబులమ్మ ముఖం వాడిపోయింది.

తరువాత త్రాసు. కుప్పన్న మేక త్రాసు ఎక్కిందో లేదో, పొట్టలోని రసమంతా బయటికి వచ్చేసింది! తట్ట సర్రున పైకి లేచింది. జనం ముక్కులు మూసుకుని మరీ నవ్వారు. ఓబులమ్మ మేక ఎక్కితే తట్ట నేలకు ఆనింది.

ఇక నాలుక. వంటవాడు ఓబులమ్మ మేకకూర వడ్డించాడు. రాజు ఒక ముక్క నోట పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు నాకాడు.

"వెన్నలా ఉందమ్మా! ఏం మేపావు?"

"ఉలవలని చెప్పవే" అని అత్త గొణిగింది.

ఓబులమ్మ అత్త వైపు చూసింది. అయినా అబద్ధం నోట రాలేదు. "దూలగొండి గింజలు, మహారాజా."

రాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. సభంతా రాజు మెడకేసే చూస్తోంది, ఎప్పుడు గోక్కుంటాడా అని!

"నాకు దురదకాయ పెట్టావా!"

ఓబులమ్మ కొంగుముడి విప్పి, గుప్పెడు పిండి తన నోట్లో వేసుకుంది. "మూడు నీళ్ళు పోయాయంటే ఇందులో దురదా ఉండదు, చేదూ ఉండదు ప్రభూ."

"నీళ్ళు పోవడమా? పోయడం కాదా?" అని కుప్పన్న కెవ్వుమన్నాడు.

సంగతి తెలిసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పచ్చికబయలు నీదే, ఓబులమ్మా!"

"నాకొక్కదానికే అంత ఎందుకు ప్రభూ? కోనలో కంచె కంచెకీ దూలగొండి ఉంది. అందరికీ వండడం నేర్పుతాను. బక్క మేకలు మాత్రం పచ్చికలో మేస్తాయి. ఎవరూ ఏరు దాటనక్కరలేదు."

రాజు సరేనన్నాడు. మరునాటి నుంచి ఓబులమ్మ పొయ్యి చుట్టూ కాపరులే. అందరికన్నా ముందు కూర్చున్నవాడు కుప్పన్న. ఓబులమ్మ చెప్పడం ముగించి లేచేదాకా అతను కదిలితే ఒట్టు. ఆ వేసవిలో గద్దలకోనలో ఒక్క మేక కూడా ఆకలితో అరవలేదు.

కాబట్టి పిల్లలూ, తెలిసిన మేలును దాచుకోకుండా చెప్పాలి. చెప్పేవారి మాటను చివరిదాకా వినాలి.