బాణలిలో కరిగిన రాయి

అనగనగనగా, నాపరాళ్ళ గనుల పక్కన ఒక ఊళ్ళో ఒక బడి ఉండేదమ్మా. ఆ బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే ఆవిడ పేరు సుంకులమ్మ. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

ఆ బడికి వకుళ అని కొత్త టీచరమ్మ వచ్చింది. వచ్చిన రోజే పిల్లల పక్కన నేలమీద కూర్చుని తిని, "పప్పు అమృతంలా ఉంది సుంకులమ్మా" అంది. పదేళ్ళుగా వండుతున్నా ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆ రోజు నుంచీ టీచరమ్మంటే సుంకులమ్మకి ప్రాణం.

ఏడో తరగతికి రాళ్ళ పాఠం ఉంది. రాయి కరుగుతుందట, పొడి అవుతుందట, మళ్ళీ రాయి అవుతుందట! "మా గడప రాయి తాత కాలం నుంచీ అట్లనే ఉంది టీచర్" అంది నాగవేణి అనే పిల్ల. పరీక్ష పెడితే ఒక్కరూ రాయలేదు. గనుల ఊరి పిల్లలు, చూడు మరి!

అప్పుడు వకుళమ్మ మూడు ఊళ్ళు తిరిగి మూడు రకాల రాళ్ళు తెచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చింది. మర్నాడు సుత్తితో పగలగొట్టి లోపల చూపిద్దామని, బడి అరుగు మీద ఎర్రగుడ్డ పరిచి పెట్టింది.

సుంకులమ్మ చూసింది. మూడు రాళ్ళు, ఎర్రగుడ్డ! టీచరమ్మ ఇలవేల్పులే అనుకుంది. పొద్దున్నే వచ్చి కడిగింది, పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కూడా కొట్టేసిందమ్మా! అది చూసి నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళంతా మొక్కేశారు.

ఆ తర్వాత వకుళమ్మ సుత్తి పట్టుకొచ్చింది. "పసుపు పూసిన రాయి మీద సుత్తేస్తావా తల్లీ? ఊరికి అరిష్టం" అని వాళ్ళంతా అడ్డం నిలబడ్డారు. టీచరమ్మ మొహం చిన్నబోయింది. సుంకులమ్మేమో, మంచి చేయబోయి పాఠమంతా పాడుచేశానే అని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఏడ్చి ఊరుకుంటే వంటమ్మ ఎందుకవుతుంది? "ఆ రాయి కథేందో నాకు చెప్పమ్మా. పొయ్యి మీద అయ్యేదైతే నేను చేస్తా" అంది.

టీచరమ్మ చెప్పింది. అప్పుడు సుంకులమ్మ పిల్లలందరి ముందూ బెల్లం పాకం పట్టి పళ్ళెంలో పోసింది. చల్లారి గట్టిపడింది. "భూమి లోపల కరిగినది చల్లారితే ఇదిగో, అగ్నిశిల" అంది వకుళమ్మ.

ఆ తర్వాత సుంకులమ్మ దాన్ని దంచింది. ఆ పొడి ఒక పొర, నువ్వులొక పొర, పల్లీల పొడి ఒక పొర వేసి పిల్లలచేత అదిమించింది. "వానకీ గాలికీ అరిగి, ఏటి అడుగున ఇలా పేరుకుంటే అవక్షేప శిల" అంది టీచరమ్మ.

ఆ తర్వాత కాస్త సెగ చూపించి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి నొక్కింది. పొరలు వంగి, కొత్త రూపు వచ్చింది. "కరక్కుండానే మారింది చూశారా, రూపాంతర శిల!"

ఒక ముక్క తిరిగి బాణలిలో వేస్తే కరిగి పాకమైంది. "మళ్ళీ మొదటికొచ్చింది!" అని నాగవేణి గంతేసింది. మిగిలిన శిలలన్నీ పిల్లలు తినేశారులే.

మళ్ళీ పరీక్ష పెడితే అందరూ రాశారు. నాగవేణి ఏం రాసిందో తెలుసా? "రాయి మారాలంటే వేడి కావాలి, బరువు కావాలి, బోలెడు కాలం కావాలి. మా బళ్ళో అయితే సుంకులమ్మవ్వ ఉంటే చాలు."

వకుళమ్మ ఆ కాగితం వంటింట్లోకి పట్టుకెళ్ళి, చదువురాని సుంకులమ్మకి చదివి వినిపించింది. వండిపెట్టే ఆ రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

"పొగమ్మా, కళ్ళు మండుతుండాయి" అంది సుంకులమ్మ.

ఆ రోజు పొయ్యి ఇంకా వెలిగించనేలేదు.

కథేమో కంచికెళ్ళింది, కునుకేమో కంటికొచ్చింది. మనం మన ఇంట్లోనే ఉన్నాం, ఇక బజ్జో నా బంగారు.