కోడి పెద్దమ్మ పెంకుల మందు

మబ్బులమెట్ట అడవిలో చెట్లు ఎంత పొడవంటే, వాటి కిందుగా పోవాలంటే మబ్బులు సైతం తల వంచుకోవలసిందే. ఆ అడవిలో తెల్లి అనే కుందేలు, గుబురయ్య అనే ఎలుగుబంటి, పొదలమ్మ అనే అడవికోడి ఇరుగుపొరుగున ఉండేవి.

తెల్లికి టమాటా తోట ఉంది. దాని ఏడుగురు పిల్లలూ చలికాలమంతా ఆ కాపు మీదే బతకాలి. అలాంటిది ఆ సంవత్సరం కాయలు అడుగున నల్లబడి కుళ్లసాగాయి. పక్కనున్న గుబురయ్య తోటదీ అదే గతి. తెల్లి ఏడ్చిన ఏడుపుకు వాగు రెండు జానలు పొంగింది.

పొదలమ్మ వచ్చి ఒక కాయను తిరగేసి చూసింది.

"ఏడవకే పిల్లా! మొక్కకు కాల్షియం చాలలేదు. నా గుడ్డు పెంకుల్లో ఉన్నది అదే కదే!"

"పెంటకుప్ప వైద్యమా!" అని గుబురయ్య పడీపడీ నవ్వింది.

పొదలమ్మ పట్టించుకోలేదు. పిల్లలు బయటికొచ్చాక మిగిలిన గుడ్డు పెంకులను కడిగి, ఎండబెట్టి, మూకుడులో దోరగా వేయించి, రోట్లో దంచింది. ఆ పొడి గుప్పెడు కుండలో వేసి, పది గుప్పెళ్ల చెరుకు వెనిగర్ పోసింది. అంతే! కుండ బుసబుసమని పొంగింది. ఆ చప్పుడుకు ఏడు కొండల అవతల పాములు ఉలిక్కిపడ్డాయి.

తెల్లి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. వంటింటి చెత్తలో ఇంత విద్య ఉందా!

"పలచటి గుడ్డ కట్టు. దానికి ఊపిరాడాలి. బుడగలు ఆగాక వడగట్టి, చిప్పెడు మందును కడివెడు నీళ్లలో కలిపి మొదళ్లలో పొయ్యి" అంది పొదలమ్మ.

ఆ పొంగు చూశాక గుబురయ్యకూ ఆశ పుట్టింది. మిగిలిన పెంకుల పొడి తెచ్చుకుని గబగబా తన కుండా సిద్ధం చేసుకుంది. కానీ గుడ్డ కట్టలేదు. మూత పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తింది.

"మూత బిగించకు గుబురయ్యా!" అని పొదలమ్మ అరిచింది.

"సారమంతా గాలికి పోనివ్వడానికి నేనేం వెర్రివాణ్ణా? నువ్వు నాకు చెప్పేదానివా!" అంటూ అది మూత మీదెక్కి కూర్చుంది.

ఢాం!

గుబురయ్య మద్దిచెట్టు చిటారుకొమ్మన తేలింది. దిగడానికి మూడు రోజులు పట్టింది. బొచ్చులో ఇరుక్కున్న పెంకులు ఏరుకోవడానికి మరో మూడు. ఈలోగా దాని కాయలన్నీ కుళ్లి రాలిపోయాయి.

మందు పోసిన తెల్లి తోటలోనూ పాత కుళ్లు మానలేదు. కానీ కొత్త పిందెలు నిగనిగలాడుతూ ఎదిగాయి. ఒక్కో పండును మోయడానికి ఏడుగురు పిల్లలూ చేయి వేయాల్సి వచ్చింది.

మొదటి పండు తెల్లి పొదలమ్మకు ఇచ్చింది. రెండోది గుబురయ్య ముందు పెట్టింది. గుబురయ్య తల దించుకుని, మెల్లిగా అడిగింది.

"పెద్దమ్మా... పలచటి గుడ్డముక్క ఏమైనా ఉందా?"

నీతి: తెలిసినవారిని చూసి పని మొదలుపెడితే చాలదు, వారు వద్దన్న చోట ఆగడమూ తెలియాలి.