పసుపు కింద పేరు

అనగనగా అని మొదలుపెడుతున్నాను గానీ, ఇది మరీ రాజుల కాలం నాటి సంగతి కాదు. ఎడ్లబండీ ట్రాక్టరూ ఒకే బాట మీద ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడిచిన రోజుల కథ. ఆ రోజుల్లో పూలమెట్ట అని ఒక ఊరుండేది. పేరుకు తగ్గట్టే అక్కడ అందరూ పూలమొక్కలు పెంచి అమ్ముకునేవారు. మల్లె అంట్లు, జాజి అంట్లు, కనకాంబరం నారు, గులాబీ కొమ్మలు. ఆ ఊరి వీధిలో నడిచేవాళ్ళకు ఏ గుమ్మం ముందు ఆగాలో తెలిసేది కాదు, అన్నిచోట్లా అంత పరిమళం.

ఆ ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడకు ఒక తోట ఉండేది. తోట మెట్ట మీద, బావి పల్లంలో. నీళ్ళు పైకి చేర్చేది ఒక చిన్న ట్రాక్టరు. చిన్నదంటే మరీ చిన్నది. పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే ఆవు పక్కన దూడలా ఉండేది. అయితేనేం, మొక్కల వరసల మధ్య ఇమిడిపోయి, వెనక నీళ్ళ తొట్టి లాక్కుంటూ, రోజూ పొద్దున్నే నాలుగుసార్లు మెట్ట ఎక్కి దిగేది. దాన్ని నూకరత్నం మావగారు ఎప్పుడో, ఎవరి దగ్గరో, అప్పటికే వాడినదాన్ని కొన్నారు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ట్రాక్టరు మాత్రం పనిచేస్తూనే ఉంది.

ఏటా దసరాకు దానికి ఎర్ర రంగు వేసి, ముందువైపు నూనెలో కలిపిన పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. మావగారు పోయాక అత్తగారు అచ్చియ్యమ్మే ఆ పూజ స్వయంగా చేసేది. బండంతా కడిగేవారు గానీ పాత పసుపును మాత్రం ముట్టుకునేవారు కాదు. అమ్మవారి పసుపు కదా, కడగడానికి చేతులెలా వస్తాయి? దాని మీదే కొత్త పసుపు పూసేవారు. అలా పూయగా పూయగా అక్కడ వేలెడు మందాన పసుపు గట్టిపడి, ట్రాక్టరు ముఖాన పెద్ద బొట్టులా నిలిచిపోయింది.

ఒక వేసవిలో, రోహిణి కార్తె ఇంకా వారం ఉందనగా, ట్రాక్టరు మెట్ట మధ్యలో గరగరమని ఆగిపోయింది. నూకరత్నం భర్త గంగరాజు విప్పి చూస్తే లోపల ఒక గేరు చక్రానికి మూడు పళ్ళు విరిగిపోయి ఉన్నాయి. గంగరాజు చేతిలో పనితనం ఉంది. సరైన చక్రం తెచ్చిస్తే పూట తిరక్కుండా బిగించేస్తాడు. కానీ దుకాణానికి వెళ్ళి తెమ్మంటే మాత్రం కష్టం. ఎవరేం చెప్పినా సరేనంటాడు, ఎవరేం చేతిలో పెట్టినా పుచ్చుకుంటాడు. అందుకని బజారు పని ఎప్పుడూ నూకరత్నానిదే.

ఆ రోజు నుంచీ ముగ్గురూ బిందెలతో నీళ్ళు మోయడం మొదలుపెట్టారు. దగ్గరి వరసలకు అందాయి. మెట్ట చివర మల్లె అంట్లకు సగమే అందాయి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు రాలేదాకా ఆ అంట్లను బతికించుకోవాలి. ఏడాది కష్టమంతా ఆ వరసల్లోనే ఉంది. అవి ఎండిపోతే వచ్చే ఏడు అమ్మడానికి మొక్క ఉండదు, తినడానికి గింజ ఉండదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే.

విరిగిన చక్రాన్ని గుడ్డలో చుట్టుకుని నూకరత్నం పట్నం వెళ్ళింది. మొదట కనిపించింది భూషణం దుకాణం. ఏ ట్రాక్టరు అని అడిగాడు. ఎర్రదండీ, చిన్నది, పాతది, నా చేతుల మీద పన్నెండేళ్ళు నడిచిన బండి, దాని సంగతి నాకు తెలియందేముంది అని చెప్పింది నూకరత్నం.

"ఎర్ర బండేగా? కళ్ళు మూసుకుని ఇస్తాను చూడు," అన్నాడు భూషణం.

నిజంగానే అంత పనీ చేశాడు. వెనక అరలోకి చెయ్యి పెట్టి, అందిన చక్రాన్ని తీసి, విరిగినదాని పక్కన పెట్టి, కవల పిల్లల్లా లేవూ అన్నాడు. ఇంటికి తెచ్చి బిగించబోతే ఇరుసు మీద అది వదులుగా గిరగిర తిరిగింది. గంగరాజు గుడ్డ చుట్టి చూశాడు, రేకు చుట్టి చూశాడు. చక్రం తిరిగింది గానీ బండి కదల్లేదు.

రెండు రోజులు పోయాయి. చివరి వరసలో ఆకులు వేలాడాయి.

రెండోసారి నూకరత్నం అంతకంటే పెద్ద దుకాణానికి, చక్రధరం దగ్గరికి వెళ్ళింది. అద్దాల తలుపులు, తిరిగే పంకా, కూర్చోగానే చల్లని మజ్జిగ. చక్రధరం మర్యాదకు లోటు లేదు. పాత రకాలు ఇప్పుడు రావడం లేదనీ, కొత్తగా వచ్చిన ఈ చక్రం ఎర్ర బండ్లన్నిటికీ సరిపోతుందనీ, పైగా పాతదానికంటే గట్టిదనీ చెప్పాడు. అది అద్దంలా మెరుస్తోంది. నూకరత్నానికి అనుమానం వచ్చింది గానీ, మజ్జిగ తాగిన నోటితో మరో మాట అడగడానికి మొహమాటపడింది. మన అందరికీ ఉండే జబ్బే అది.

ఆ చక్రాన్ని గంగరాజు సుత్తితో నాలుగు దెబ్బలు వేసి ఎక్కించాడు. బండి కదిలింది. అచ్చియ్యమ్మ దిష్టి తీసి హారతి ఇచ్చింది. ట్రాక్టరు నిండు తొట్టితో సగం మెట్ట ఎక్కి, ఒక్కసారి కీచుమని, అక్కడే నిలబడిపోయింది. విప్పి చూస్తే, కొత్త చక్రానికి ఏమీ కాలేదు. పక్కనున్న మంచి చక్రాన్ని అది నమిలేసింది. అప్పటిదాకా ఒకటే చెడింది, ఇప్పుడు రెండు.

నూకరత్నం ఆ మెట్ట మీదే కూర్చుని ఏడ్చింది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, రెండు చక్రాలూ మూటకట్టుకుని మళ్ళీ బస్సెక్కింది.

పట్నం చివర ఇరుకు సందులో మస్తాన్ సాయిబుది ఒక పాత దుకాణం ఉంది. అద్దాలూ లేవు, మజ్జిగా లేదు. గోడల నిండా ఇనుప సామాను, మధ్యలో ముక్కాలిపీట మీద ఒక ముసలాయన. నూకరత్నం మూట విప్పి, ఎర్ర ట్రాక్టరు, చిన్నది, పాతది అని అలవాటైన పాటే పాడింది. సాయిబు చక్రాలను రెండు వైపులా తిప్పి చూశాడు. పళ్ళు లెక్కపెట్టాడు.

"నాకు తెలీడం లేదమ్మా," అన్నాడు చివరికి.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. ఆ ఇద్దరూ చూడగానే చెప్పారు, ఇంత పాత దుకాణం పెట్టుకుని మీకు తెలియకపోవడమేమిటని అడిగేసింది. సాయిబు కోపగించుకోలేదు. అరిగిపోయిన చక్రాన్ని చూసి కొత్తగా ఉన్నప్పుడు దాని కొలత ఎంతో చెప్పలేనన్నాడు. ఎర్ర రంగు అంటారా, రంగు ఎవరైనా వేసుకోవచ్చన్నాడు. ప్రతి బండికీ ఎక్కడో ఒకచోట అరచేయంత రేకు ఉంటుందనీ, దాని మీద బండి పేరూ నంబరూ కొట్టి ఉంటాయనీ, అది చూసుకుని రమ్మనీ చెప్పాడు. మా బండికి అలాంటి రేకేమీ లేదు, ఉంటే పన్నెండేళ్ళలో నాకు కనిపించదా అంది నూకరత్నం.

"ఉంటుందమ్మా. పేరు పెట్టకుండా బండిని ఎవరూ బయటికి పంపరు. అది చూడకుండా నేను వస్తువిస్తే, ఇవాళ రెండు చెడ్డాయి, రేపు నాలుగు చెడతాయి."

నూకరత్నం విసవిసా వచ్చేసింది. బస్సులో కూర్చున్నా ఆ మాట ఆమెను వదల్లేదు. ఆ ఇద్దరికీ అన్నీ తెలుసు, బండి ఆగిపోయింది. ఈయనకు తెలియదు, కానీ చక్రం పళ్ళు లెక్కపెట్టింది ఈయనొక్కడే.

ఇంటికి రాగానే ట్రాక్టరు చుట్టూ తిరిగింది. సీటు కింద చూసింది. చక్రాల వెనక చూసింది. ఎక్కడా లేదు. ఇక చూడనిది ఒక్క చోటే మిగిలింది. ముందువైపు, పెద్ద పసుపు బొట్టు. అది గుండ్రంగా లేదు, నలుపలకలుగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ మాట ఎవరికీ తట్టలేదు.

కొడవలి మొనతో గోకబోతుంటే అచ్చియ్యమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. మీ మావయ్య పూసిన పసుపు కూడా అందులో ఉందే అంది. నూకరత్నం కొడవలి కింద పెట్టేసి, సాయిబు చెప్పిన సంగతంతా మెల్లగా చెప్పింది. మెట్ట చివర మాడిపోతున్న వరసలను చూపించింది. అచ్చియ్యమ్మ ఆ వరసలను చూసింది, బొట్టును చూసింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మవారికైనా రోజూ స్నానం చేయించాకే కదా కొత్త బొట్టు పెడతాం. దీనికి ఇన్నేళ్ళూ స్నానం చేయించలేదు, తప్పు నాదే. కొడవలితో వద్దమ్మాయ్, గోరువెచ్చటి నీళ్ళు తీసుకురా," అంది.

తడిగుడ్డ వేసి నానబెట్టి, పొరలు పొరలుగా ఆవిడే తుడిచింది. పసుపుతో పాటు ఎర్ర రంగు పెచ్చులుగా ఊడింది, దాని కింద నీలం రంగు. ఆ నీలం మధ్యలో ఇత్తడి రేకు తళుక్కుమంది. వీళ్ళు ఎర్రదనుకున్న బండి పుట్టుకతో నీలం బండి.

రేకు మీదివి ఇంగ్లీషు అక్షరాలు. ముగ్గురికీ రావు. నూకరత్నం ఇక ఊహించి చెప్పే పని పెట్టుకోలేదు. రేకు మీద కాగితం పరిచి, పొయ్యిలోని బొగ్గుతో మెత్తగా రుద్దింది. అక్షరం పొల్లుపోకుండా కాగితం మీదికి దిగింది.

మర్నాడు సాయిబు ఆ కాగితాన్ని భూతద్దం పెట్టి చూశాడు. బండ్ల నంబర్లున్న, అట్టలు ఊడిన లావుపాటి పుస్తకం తీసి, వేలు పెట్టి వెతికి, ఒకచోట ఆగి నవ్వాడు. బండి దొరికింది. కానీ ఆ చక్రాలు ఆయన దగ్గర లేవు. లేవన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. పక్క పట్నంలో వేరే దుకాణంవాడి దగ్గర ఉండవచ్చనీ, ఈ నంబరు తప్ప మరొకటి పుచ్చుకోవద్దనీ చెప్పి, చీటీ రాసి ఇచ్చాడు. అమ్మకం తనది కాకపోయినా సరే, చీటీ మాత్రం శ్రద్ధగా రాశాడు. ఆ చీటీతో నూకరత్నం అటునుంచి అటే వెళ్ళి, సాయంత్రానికి రెండు చక్రాలూ తెచ్చింది.

గంగరాజుకు సుత్తి అవసరం కాలేదు. చక్రాలు చేత్తో నెడితేనే వెళ్ళి కూర్చున్నాయి. తెల్లవారి ట్రాక్టరు నాలుగుసార్లు మెట్ట ఎక్కి దిగింది. చివరి రెండు వరసలు అప్పటికే పోయాయి, వాటిని ఎవరూ బతికించలేకపోయారు. మిగతా తోటంతా తలెత్తింది. మృగశిరలో వాన పడేసరికి ఒక్కో అంటు రెండేసి చిగుళ్ళు వేసింది.

తరవాత పూలమెట్టలో ఎవరి బండి చెడినా ముందు బొగ్గూ కాగితం వెతుక్కునేవారు. ఆ కాగితాలన్నీ మస్తాన్ సాయిబు సందులోకే వెళ్ళేవి. కొన్నాళ్ళకు భూషణం కూడా కళ్ళు తెరిచి, "ఎర్ర బండేగా" అనడం మాని, నంబరేమిటని అడగడం నేర్చుకున్నాడట.

ఆ ఏడు దసరాకు ట్రాక్టరుకు నీలం రంగు వేశారు. అచ్చియ్యమ్మ పసుపు గిన్నెతో వచ్చి, ఇత్తడి రేకును కొంగుతో తుడిచి, బొట్టు దాని పక్కన పెట్టింది.

కాబట్టి పిల్లలూ, తెలియనిది తెలియదని ఒప్పుకుని అసలు సంగతి వెతికేవారి చేతిలోనే చెడిన పని బాగుపడుతుంది.