మాణిక్యం తోమిన తొట్టి

అనగనగా ఒక అద్దకాల ఊళ్ళో మాణిక్యం అనే పిల్ల ఉండేది. ఆ పిల్ల గొంతు దాటి ఎంతకీ బయటికి రాని మాట ఒకటుంది: "తొట్టిలోవాళ్ళని చంపింది నేనే."

ఎవరా తొట్టిలోవాళ్ళు అంటారా? వినండి మరి.

మాణిక్యం రంగుల షెడ్డులో నూలుకి రంగులద్దేది. మిగిలిన నీళ్ళు పక్కనున్న ఇటుకల తొట్టిలో చేరి, ఒకరోజు నీలంగా, ఒకరోజు ఎర్రగా కాలవలోకి పోయేవి. దిగువన దాలయ్య తాత బాతులు మేపుకునేవాడు. ఆ నీళ్ళు తాగి బాతులు గుడ్లు పెట్టడం మానేశాయి. కొన్ని చచ్చిపోయాయి కూడా.

దాలయ్య తగువుకి రాలేదు. రెండు కుండల నల్లబురద మోసుకొచ్చాడు.

"పాత అద్దకాల గుంటలోది, అమ్మాయ్. నలభై ఏళ్ళు రంగునీళ్ళలోనే నానింది. ఇందులో కంటికి ఆనని జీవులు రంగు తిని బతకడం నేర్చాయి. ఒక కుండ మీ తొట్టిలో వెయ్యి. ఇంకోటి నా దగ్గర ఉంచుతా."

వేసింది. మర్నాడు తొట్టిలో బుడబుడమని మాటలు.

"అమ్మాయ్, మాకు మూడే కోరికలు. మరిగే నీళ్ళు నెత్తిన పొయ్యకు. ఉత్త రంగు తింటే నీరసం, కాస్త బెల్లంనీళ్ళు కలుపు. గోడకి పట్టే జిగురు మా ఇల్లు, దాన్ని ముట్టుకోకు."

"ఇంతేనా? మా మేనత్తకి ముప్పై కోరికలు," అని నవ్వింది మాణిక్యం.

నెల తిరిగేసరికి కాలవ అడుగున ఇసుక కనపడింది. బాతులు మళ్ళీ గుడ్లు పెట్టాయి.

అంతలో పట్నం నుంచి అధికారులు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని కబురు. ఆ జిగురు చూస్తే మాణిక్యానికి సిగ్గేసింది. వాళ్ళేమనుకుంటారో అని సంచెడు బ్లీచింగు పొడి గుమ్మరించి, తొట్టిని కంచంలా తోమేసింది. అధికారులు శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్ళారు.

తొట్టి మాత్రం మాట్లాడలేదు.

మూడోనాటికి కాలవ నీలం. "ఆ దాలయ్య బురదే పనికిరానిది," అన్నాడు షెడ్డు యజమాని షావుకారు. మాణిక్యం తలొంచుకుని నూలు పిండింది. ఆ మాట దాలయ్య చెవిన పడింది. బాతుల్ని దూరపు ఏటిగట్టుకి తోలుకుపోయాడు. అక్కడ మేత లేక అవి చిక్కిపోతున్నాయట.

మాణిక్యం తొట్టిలో బెల్లంనీళ్ళు పోసింది. ఉలుకూ పలుకూ లేదు. పేడనీళ్ళు పోసింది. లేదు. చివరికి తొట్టి అంచున కూర్చుని ఏడ్చింది. అప్పుడు ఇటుక సందులోంచి సన్నటి గొంతు.

"నేనొక్కణ్ణే మిగిలాను. అంత రంగు తినడం నావల్ల కాదు. దాలయ్య కుండలో మావాళ్ళున్నారు, అడుగు."

"అడిగితే మీరెలా పోయారో చెప్పాలిగా."

"చెప్పకు. మళ్ళీ అధికారులొస్తారు, మళ్ళీ తోముతావు. మాకూ చావడం అలవాటవుతుంది."

మాణిక్యం పక్కనున్న ఫోను కేసి చూసింది.

"తాత పలుకుతాడంటావా?"

"నన్నడిగితే? నాకేమన్నా ఫోనుందా?"

ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది. చేతులు పావడాకి తుడుచుకుంది. దాలయ్య తిట్టినా సరే, ఫోను పెట్టెయ్యకుండా విందామనుకుంది. షావుకారు ముందు కూడా అదే చెబుదామనుకుంది. ఫోను తీసి తాత పేరు నొక్కింది.

పిల్లలూ, తప్పును తోమి తెల్లగా చేస్తే పోదు; ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళతో చెప్పినప్పుడే దిద్దుకునే దారి తెరుచుకుంటుంది.